మోకాలు నొస్తుంటే తుంటికి ఎక్సర్‌సైజులా? శ్రీశైలం నడక తర్వాత వచ్చిన సందేహం

తుంగభద్ర గట్టు (కర్నూలు)

అందరికీ నమస్కారం. ఈసారి ఉగాదికి వెంకటాపురం నుంచి నల్లమల దారిలో శ్రీశైలం నడిచి వెళ్లాం. నాగలూటి, పెచ్చెరువు దాకా ఏ ఇబ్బందీ లేదు. భీముని కొలను దగ్గర లోయలోకి దిగేటప్పుడు కుడి మోకాలి చిప్ప చుట్టూ నొప్పి మొదలైంది. ఎక్కేటప్పుడు తక్కువ, దిగేటప్పుడు ఎక్కువ. మల్లన్న దర్శనం అయింది, ఇంటికొచ్చాం, నొప్పి మాత్రం నాతోనే వచ్చింది. మెట్లు దిగాలన్నా, సినిమా హాల్లో ఇంటర్వెల్ దాకా కాలు ముడిచి కూర్చోవాలన్నా అదే తంతు. నాది కుర్చీలో కూర్చుని చేసే ఉద్యోగం, వయసు నలభైకి దగ్గర.

ఎముకల డాక్టర్ ఎక్స్‌రే చూసి గుజ్జేమీ అరగలేదు, భయం లేదు అన్నారు. ఫిజియో దగ్గరికి పంపారు. ఆ మేడమ్ మోకాలిని కాసేపు నొక్కి చూసి వదిలేసింది. నన్ను ఎడమ పక్కకు పడుకోబెట్టి కుడికాలు పైకెత్తమంది. ఆమె చేత్తో కిందికి నొక్కుతుంటే ఆపలేకపోయాను. ‘మీ తుంటి కండరాల్లో బలం లేదండీ, ముందు వాటి సంగతి చూద్దాం’ అంది. నొప్పి ఒకచోట, వైద్యం ఇంకోచోటా? నిజంగా సంబంధం ఉందా, ఫీజు కోసం సాగదీస్తున్నారా? తెలిసినవాళ్లు చెప్పండి.

సీ క్యాంప్ సీను (కర్నూలు)

అన్నా, నువ్వుల నూనెలో కర్పూరం వేసి గోరువెచ్చగా మర్దనా చెయ్. మా నాయనకు దాంతోనే తగ్గింది. ఫిజియోకు పోసే డబ్బుతో ఇంకోసారి శ్రీశైలం పోయిరావచ్చు, ఈసారి బస్సులో.

కడప ఫిజియో

సంబంధం ఉంది. సాగదీయడం కాదు. (సీను గారూ, మర్దనా చేసుకోండి, హాయిగా ఉంటుంది, నష్టం లేదు. మెట్లు దిగేటప్పుడు చిప్ప మీద పడే భారాన్ని మాత్రం అది తగ్గించదు.)

తుంగభద్ర గారూ, చిప్ప చుట్టూ నొప్పి, దిగేటప్పుడు ఎక్కువ కావడం, ఎక్కువసేపు కాలు ముడిస్తే సలపడం, ఎక్స్‌రేలో ఏమీ కనపడకపోవడం. ఇవన్నీ కలిస్తే మేము పటెల్లోఫిమొరల్ పెయిన్ అంటాం. చిప్పకూ దాని వెనకున్న తొడ ఎముకకూ మధ్య పుట్టే నొప్పి ఇది. మెట్లు దిగేటప్పుడు అక్కడ ఒంటి బరువుకు సుమారు మూడింతల ఒత్తిడి పడుతుంది. మీకు లోయలోకి దిగుతున్నప్పుడే మొదలవడంలో వింతేమీ లేదు.

ఇక తుంటి సంగతి. తొడ ఎముక కింది కొసన ఒక గాడి ఉంటుంది. కాలు ముడిచి చాపుతుంటే చిప్ప ఆ గాడిలో కిందికీ పైకీ జారుతుంది. బావి గిలకను గుర్తు తెచ్చుకోండి. తాడు తిన్నగానే ఉన్నా గిలక పక్కకు వాలితే తాడు గాడి అంచును రాసుకుంటూ పోతుంది. చాలాకాలం మేమందరం తాడునే సరిచేయాలని చూశాం, అంటే చిప్పను లాగే తొడ ముందు కండరాన్ని. గిలకను, అంటే తొడ ఎముకను, తిన్నగా పట్టి ఉంచేవి పిరుదుల కండరాలు. 2003లో అమెరికాలో క్రిస్టఫర్ పవర్స్ బృందం చిప్ప పక్కకు జరిగే మహిళలకు కాలి మీద బరువు ఉంచి ఎమ్మారై తీసింది. అందులో చిప్ప కన్నా దాని కింద తొడ ఎముక లోపలికి తిరగడమే ఎక్కువగా కనిపించింది.

ఆ కండరాల్లో ముఖ్యమైనది గ్లూటియస్ మీడియస్. నడుము ఎముకకు కాస్త కింద, పక్కగా, ప్యాంటు జేబుకు కొంచెం వెనక ఉంటుంది. నడకలో ప్రతి అడుగుకూ కాసేపు ఒంటికాలి మీదే ఉంటాం కదా, అప్పుడు రెండో వైపు నడుము కిందికి జారకుండా ఆపేది ఇదే. దీనికి సత్తువ చాలకపోతే అటువైపు జారిపోతుంది. జర్మన్ సర్జన్ ట్రెండెలెన్‌బర్గ్ 1895లోనే దీన్ని వివరించాడు, ఇప్పటికీ ఆ పరీక్షకు ఆయన పేరే. నడుము జారడంతో పాటు తొడ లోపలికి తిరిగి, మోకాలు రెండో మోకాలి వైపు వాలుతుంది.

అద్దం ముందు షార్ట్ వేసుకుని కుడికాలి మీద నిలబడి, కొంచెం కూర్చోబోతున్నట్టు నెమ్మదిగా వంగండి. మోకాలు కాలి రెండో వేలి మీదుగా ముందుకు పోతోందా, లోపలికి పడుతోందా చూడండి. ఎడమకాలితో కూడా చేసి పోల్చండి.

సంబంధం ఉందనడానికి లెక్క కూడా ఉంది. 2003లోనే మేరీ లాయిడ్ ఐర్లండ్ బృందం ఈ నొప్పి ఉన్న 15 మంది యువతులనూ, లేని 15 మందినీ పోల్చింది. నొప్పి ఉన్నవాళ్లలో కాలిని పక్కకు ఎత్తే బలం 26 శాతం, బయటికి తిప్పే బలం 36 శాతం తక్కువ.

లెక్కల మాస్టారు (అనంతపురం)

ఫిజియో గారూ, చక్కగా చెప్పారు. రిటైరైనా పాత అలవాటు పోలేదు కాబట్టి ఒక ప్రశ్న. నొప్పి ఉన్నవాళ్లను పట్టుకొచ్చి కొలిస్తే బలం తక్కువగా కనిపించింది, సరే. కాలు నొస్తున్న మనిషి ఆ కాలిని తక్కువ వాడతాడు. కొన్ని నెలలు అలా వాడకపోతే కండరం తగ్గదా? బలం తగ్గడం వల్ల నొప్పి వచ్చిందా, నొప్పి వల్ల బలం తగ్గిందా? ఇది తేలాలంటే ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు ముందే బలం కొలిచి పెట్టుకుని, తర్వాత ఎవరికి నొప్పి వచ్చిందో చూడాలి. అలా ఎవరైనా చేశారా? 30 మందిని చూసి అంత గట్టిగా చెప్పడం నాకు మింగుడు పడలేదు.

సీ క్యాంప్ సీను (కర్నూలు)

మాస్టారు బెత్తం తీశాడు 😄

కడప ఫిజియో

మాస్టారూ, ఈ ప్రశ్న మా క్లాసుల్లోనే అడగాల్సినంతగా అడగరు. చేశారు. డెన్మార్క్‌కు చెందిన రాత్‌లెఫ్ బృందం 2014లో అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలన్నీ కలిపి చూసింది. నొప్పి ఉన్నవాళ్లను, లేనివాళ్లను పోల్చినవాటిలో తేడా స్పష్టంగా ఉంది. మీరన్నట్టు ముందే కొలిచిపెట్టుకున్న వాటిలో మాత్రం తుంటి బలానికీ తర్వాత వచ్చిన నొప్పికీ సంబంధం కనపడలేదు. 2019లో మరో సమీక్ష వచ్చింది. సైన్యంలో కొత్తగా చేరినవాళ్లలో తొడ ముందు కండరం బలహీనంగా ఉంటే నొప్పి వచ్చే అవకాశం ఎక్కువని తేలింది. తుంటి బలం గురించి అలా తేలలేదు. పైగా కౌమారంలో ఉన్న పిల్లల్లో తుంటి బలం ఎక్కువున్నవాళ్లకే నొప్పి కాస్త ఎక్కువ వచ్చింది. బహుశా వాళ్లే ఎక్కువ ఆడతారు, ఎక్కువ పరిగెత్తుతారు.

కాబట్టి ‘తుంటి బలహీనత వల్లే నీకు మోకాలి నొప్పి వచ్చింది’ అని ఏ ఫిజియో అయినా ఖాయంగా చెబితే అది చేతిలో ఉన్న ఆధారాన్ని మించిన మాట.

లెక్కల మాస్టారు (అనంతపురం)

మరి గిలక కథంతా పడిపోయినట్టేగా?

కడప ఫిజియో

పడిపోలేదు సార్. అది కారణం అన్న వాదన బలహీనపడింది. వైద్యం అన్న వాదన నిలబడే ఉంది. ఈ రెండూ వేరు. నొప్పి వల్లే బలం తగ్గినా సరే, తగ్గిన బలం మళ్లీ ఆ మోకాలి మీదే భారం వేస్తుంది కదా. ఎలా మొదలైందో తెలియకపోయినా బలం పెంచి చూడవచ్చు, పెంచితే తగ్గుతుందో లేదో కొలవవచ్చు.

కొలిచారు కూడా. 2015లో ఫెర్బర్ బృందం 199 మందిని రెండు గుంపులు చేసి ఆరు వారాలు చేయించింది. ఒక గుంపుకు తుంటి, నడుము కండరాల వ్యాయామం, ఇంకో గుంపుకు మోకాలి వ్యాయామం. రెండింటిలోనూ నొప్పి తగ్గింది. తుంటి గుంపులో ఒక వారం ముందే తగ్గడం మొదలైంది. మీరు అడగకముందే దీనికి ఎదురు పడేది కూడా చెబుతాను. నార్వేలో 112 మందితో చేసిన అధ్యయనం 2019లో వచ్చింది. ఒక గుంపుకు తుంటి వ్యాయామం, ఇంకో గుంపుకు మోకాలి వ్యాయామం, మూడో గుంపుకు మీకు నచ్చినట్టు కదలండి అన్నారు. మూడు గుంపులకూ నొప్పి ఎందుకు వస్తుందో, ఎంత చేయాలో వివరంగా చెప్పారు. మూడు నెలలకు మూడు గుంపుల మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదు.

మరి తుంటితోనే ఎందుకు మొదలుపెట్టాలి? నా వరకు కారణం చాలా మామూలుది. పక్కకు పడుకుని కాలెత్తితే చిప్ప మీద ఒత్తిడి దాదాపు పడదు. కూర్చుని లేచే వ్యాయామం మొదటి రోజే ఇస్తే నొప్పి ఎక్కువై మనిషి రెండో రోజు రాడు. 2019లో వచ్చిన అమెరికన్ ఫిజియోథెరపీ మార్గదర్శకాలూ ఇదే చెబుతాయి. తుంటి, మోకాలు రెండింటికీ కలిపి వ్యాయామం ఇవ్వండి, మొదట్లో తుంటి వైపు మొగ్గండి అని. కర్నూలు మేడమ్ చేసింది సరిగ్గా అదే. అయితే ఇంకొన్ని వారాల తర్వాత కూడా మోకాలి వ్యాయామం మొదలుపెట్టకపోతే అప్పుడు అడగండి.

లెక్కల మాస్టారు (అనంతపురం)

ఇది ఒప్పుకుంటాను. ఎదురుపడే అధ్యయనాన్ని మీరే ముందుగా చెప్పడం ఇంకా నచ్చింది.

గ్రౌండ్ కోచ్ (అనంతపురం)

ఇక్కడ ఆర్డీటీ గ్రౌండ్ చుట్టుపక్కల పిల్లలకు పరుగు నేర్పుతుంటాను. నేను చూసేది ఒక్కటి చెబుతాను. చాలామంది ఆడపిల్లలు దూకి దిగినప్పుడు మోకాళ్లు రెండూ లోపలికి కొట్టుకుంటాయి. తుంటి వ్యాయామాలు నెలల తరబడి చేయించాను, బలం పెరిగింది, పరుగు తీరు మాత్రం అలాగే ఉండిపోయింది. తర్వాత తెలిసింది, దీని మీద కూడా పరిశోధన ఉందట. బలం పెంచినంత మాత్రాన పరిగెత్తే తీరు దానంతటది మారదని 2011లో విల్లీ, డేవిస్ అనే ఇద్దరు చూపించారు. తీరు మారాలంటే దాన్ని విడిగా నేర్పాలి. నేనిప్పుడు అద్దం పెట్టి చూపిస్తాను, ఫోన్‌లో స్లో మోషన్ తీసి చూపిస్తాను.

ఇంకోటి. అడుగు పొడవు తగ్గించి, నిమిషానికి వేసే అడుగుల సంఖ్యను 5 నుంచి 10 శాతం పెంచితే మోకాలి మీద భారం తగ్గుతుంది. దీనికి పైసా ఖర్చు లేదు. కొండ దిగేటప్పుడు కూడా పొట్టి అడుగులే వేయాలి. తుంగభద్ర అన్నా, మీరు ఏడాదంతా కుర్చీలో కూర్చుని ఒక్కసారిగా నల్లమల దిగారు. మీ తుంటిది, మోకాలిది, ఇద్దరిదీ తప్పు లేదు 🙂

తుంగభద్ర గట్టు (కర్నూలు)

కోచ్ గారూ, తగిలింది. అద్దం పరీక్ష చేశాను. కుడి మోకాలు లోపలికే పడుతోంది. ఎడమది కూడా కొంచెం పడుతోంది, కానీ దానికి నొప్పి లేదు. మాస్టారికి ఇంకో ప్రశ్న దొరికినట్టే.

వార్డు డాక్టరు (కర్నూలు)

ఎముకల విభాగంలో పనిచేస్తాను. ఇక్కడ తుంటి, మోకాలు అనేసరికి అందరూ కండరం దగ్గరే ఆగిపోతున్నారు కాబట్టి ఈ సంగతి చెప్పి వెళ్తాను. తుంటి కీలులోనే జబ్బు ఉండి, నొప్పి మోకాల్లో తెలియడం చాలా మామూలు. రెండు కీళ్లకూ కొన్ని నరాలు ఉమ్మడిగా ఉంటాయి. మనిషి మోకాలే పట్టుకుని చూపిస్తాడు, మోకాలి ఎక్స్‌రే తీస్తారు, అది బాగుంటుంది, ‘ఏం లేదు’ అని పంపేస్తారు.

పిల్లల విషయంలో ఇది ప్రమాదం. 10 నుంచి 16 ఏళ్ల మధ్య, ముఖ్యంగా బొద్దుగా ఉన్న పిల్లాడు మోకాలు నొస్తోందని కుంటుతుంటే, పాదం బయటికి తిప్పి నడుస్తుంటే, తుంటి ఎక్స్‌రే తీయాల్సిందే. తొడ ఎముక తల దాని మెడ మీంచి జారిపోయే జబ్బు ఉంది. అలాంటప్పుడు నడిపించకూడదు, వ్యాయామాలు చేయించకూడదు, ఆపరేషన్ ఆలస్యమైతే తుంటి శాశ్వతంగా దెబ్బతింటుంది. ఇంకా చిన్నపిల్లల్లో, నాలుగు నుంచి ఎనిమిదేళ్ల మధ్య, తుంటి బంతికి రక్తం సరిగా అందని పెర్తీస్ అనే జబ్బు కూడా ఇలాగే మోకాలి నొప్పితో మొదలవ్వచ్చు. పెద్దవాళ్లలో చాలాకాలం స్టెరాయిడ్లు వాడినవాళ్లకు, మద్యం ఎక్కువ తాగేవాళ్లకు కూడా తుంటి బంతి దెబ్బతింటుంది.

మోకాలు వేడెక్కి వాచినా, జ్వరం ఉన్నా, మధ్యలో పట్టేసి కదలకపోయినా, దెబ్బ తగిలిన తర్వాత కాలు మోపలేకపోయినా, రాత్రి నిద్రలో నొప్పి లేపుతున్నా ఇక్కడ పోస్టు పెట్టకండి. ఆస్పత్రికి రండి.

పెద్ద దర్గా పక్కన (కడప)

ఫిజియో భాయ్, నాకూ ఇలాంటి నొప్పే. నమాజులో కూర్చున్నప్పుడు మోకాలు పూర్తిగా ముడుచుకుంటుంది, అప్పుడు సలుపు. వ్యాయామం చేస్తూనే నమాజు మామూలుగా చేయవచ్చా? మెడికల్ షాపులో మోకాలికి తొడిగే పట్టీ (నీ క్యాప్) ఇచ్చారు, వేసుకుంటే బాగానే ఉంది.

కడప ఫిజియో

భాయ్, కూర్చోవడం వల్ల మోకాలు పాడైపోదు. నొప్పి రేగినన్నాళ్లు మాత్రం పూర్తిగా ముడిచే సమయం తగ్గించండి. తొడకూ పిక్కకూ మధ్య మడిచిన దుప్పటి పెట్టుకోవచ్చు, అదీ కుదరకపోతే కొన్నాళ్లు కుర్చీలో చదువుకోండి. తగ్గాక మళ్లీ కింద కూర్చోవడమే లక్ష్యం. ఇండియన్ టాయిలెట్‌కూ ఇదే సమాధానం. నీ క్యాప్ ధైర్యం ఇస్తుంది, దాన్ని తప్పుపట్టను, బలం ఇవ్వదు.

తుంగభద్ర గట్టు (కర్నూలు)

సార్, వ్యాయామాలు ఏవో, ఎలా చేయాలో కూడా చెబుతారా? మేడమ్ చూపించారు కానీ ఇంటికొచ్చాక సగం మర్చిపోయాను. ఫోన్ చేసి అడగాలంటే మొహమాటం.

కడప ఫిజియో

మొహమాటం వద్దు, ఆమెనే అడగండి, మీ కాలు చూసింది ఆమె. సాధారణంగా నేను చేయించేది చెబుతాను.

మొదటిది పక్కకు పడుకుని కాలెత్తడం. చాలామంది దీన్నే తప్పు చేస్తారు. వీపు, పిరుదులు, మడమ గోడకు ఆనేలా పడుకోండి. పై కాలిని మడమతో గోడను రాస్తూ ఎత్తండి. కాలి వేళ్లు ముందుకు చూడాలి, పైకప్పును చూడకూడదు. కాలు ముందుకు వచ్చినా, వేళ్లు పైకి తిరిగినా పని తొడ ముందు కండరం లాగేసుకుంటుంది. సరిగ్గా చేస్తే తుంటి పక్కన, కాస్త వెనక మంట పుడుతుంది. అక్కడ కాకుండా తొడ ముందు అలసిపోతే తప్పు చేస్తున్నట్టు. ఇంకోటి వెల్లకిలా పడుకుని మోకాళ్లు ముడిచి నడుము పైకెత్తడం. తేలికైతే ఒక కాలు చాపి ఇంకో కాలితోనే ఎత్తాలి. ఆ తర్వాత తొడల చుట్టూ రబ్బరు బ్యాండు వేసుకుని పక్క అడుగులు.

కొన్ని వారాలయ్యాక మోకాలి వంతు. కుర్చీలోంచి నెమ్మదిగా లేవడం, కూర్చోవడం. చివరికి తక్కువ ఎత్తున్న మెట్టు మీద నిలబడి రెండో మడమ నేలకు తాకించి మళ్లీ పైకి రావడం, అద్దం ముందు. మీరు భీముని కొలను మళ్లీ దిగాలంటే అసలు పరీక్ష ఇదే. పడుకుని చేసే వ్యాయామాల దగ్గరే ఆగిపోయినవాళ్లకు మెట్లు దిగే సత్తువ రాదు.

వారానికి మూడు రోజులు చాలు. చివరి రెండు మూడు సార్లు కష్టంగా ఉండాలి, లేకపోతే బరువు చాలలేదని అర్థం. చేసేటప్పుడు నొప్పి పదికి మూడు దాటకూడదు, మర్నాటికి పాత స్థాయికి రావాలి. కనీసం ఆరు వారాలు, కుదిరితే పన్నెండు. మూడో వారంలో తగ్గలేదని మానేసేవాళ్లే నా దగ్గర ఎక్కువ.

వేరుశనగ చేను (కళ్యాణదుర్గం వైపు)

ఇవన్నీ వయసులో ఉన్నవాళ్ల సంగతి. మా అమ్మకు అరవై దాటాయి. జన్మంతా గొంతుకూర్చుని కలుపు తీయడం, శనక్కాయ చెట్లు పీకడం, కాయలు ఒలవడం. రెండు మోకాళ్లూ లోపలి వైపు గుజ్జు అరిగిందన్నారు. నడుస్తుంటే రెండు పక్కలకూ ఊగుతుంది. ఈ వయసులో కాలెత్తే వ్యాయామం పనికొస్తుందా అన్నా? ఇంకో భయం కూడా ఉంది, మా ఊరి బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ.

కడప ఫిజియో

పనికొస్తుంది అక్కా. ఆస్ట్రేలియాలో కిమ్ బెన్నెల్ బృందం మోకాలు లోపలి వైపు అరిగిన 89 మందితో ఈ పరీక్షే చేసింది, 2010లో వచ్చింది. పన్నెండు వారాలు తుంటి వ్యాయామం చేసినవాళ్లకు నొప్పి తగ్గింది, పనులు తేలికయ్యాయి. మోకాలి లోపలి వైపు పడే భారాన్ని కొలిస్తే మాత్రం మార్పు లేదు. అంటే అరుగుదల ఆగుతుందని ఆశపెట్టలేను, నొప్పి తగ్గుతుందని చెప్పగలను. అమ్మకు అది తక్కువేమీ కాదు. తొడ ముందు కండరానికి కూడా తప్పకుండా చేయించండి, అరుగుదలలో దానికే ఎక్కువ ఆధారం ఉంది. బరువు ఎక్కువుంటే, తగ్గిన ప్రతి కిలోకూ అడుగడుగునా మోకాలి మీద నాలుగు కిలోల భారం తగ్గుతుంది. చేతికర్ర ఎక్కువ నొప్పి ఉన్న కాలికి ఎదుటి చేతిలో పట్టుకోవాలి. అందరూ నొప్పి వైపే పట్టుకుంటారు. కలుపు తీసేటప్పుడు పొట్టి పీట ఏదైనా వేసుకోమనండి.

ఫ్లోరైడ్ సంగతి డాక్టరు గారు చెబితే బాగుంటుంది.

వార్డు డాక్టరు (కర్నూలు)

అనంతపురం వైపు నుంచి వచ్చే కేసుల్లో ఇది అడగాల్సిన ప్రశ్నే. లీటరు నీటిలో ఫ్లోరైడ్ 1 మిల్లీగ్రాము దాటకూడదు, వేరే నీరు దొరకనప్పుడు 1.5 దాకా ఒప్పుకుంటారు. ఏళ్ల తరబడి అంతకు మించి తాగితే ఎముకలూ, కండరాలు వాటికి అంటుకునే చోట్లూ గట్టిపడతాయి. అలాంటప్పుడు మోకాలు ఒక్కటే నొయ్యదు. నడుము, మెడ బిగుసుకుపోతాయి. అమ్మ మెడ తిప్పకుండా ఒళ్లంతా తిప్పి వెనక్కి చూస్తోందా? వంగి నేల మీద రూపాయి బిళ్ల తీయగలదా? చేతులెత్తి తల వెనక పెట్టుకోగలదా? మీ ఊళ్లో పిల్లల పళ్ల మీద గోధుమ రంగు చారలు ఉన్నాయా? వీటిలో అనుమానం ఉంటే మోకాలితో పాటు ముంజేతి ఎక్స్‌రే కూడా తీయించమని అడగండి. ముంజేతి రెండు ఎముకల మధ్య పొర గట్టిపడి ఉంటే ఫ్లోరోసిస్ అని దాదాపు తెలిసిపోతుంది. అది ఉన్నా వ్యాయామం మానక్కర్లేదు, నీళ్లు మాత్రం వెంటనే మార్చాలి. సత్యసాయి పథకం నీళ్లు మీ ఊరికి వస్తుంటే తాగడానికీ వంటకూ అవే వాడండి, బోరు నీళ్లు మిగతా పనులకు. ఒక్క మాట, నీళ్లు కాచితే ఫ్లోరైడ్ పోదు.

లెక్కల మాస్టారు (అనంతపురం)

కాచితే నీరు ఆవిరై ఫ్లోరైడ్ శాతం ఇంకా పెరుగుతుంది కూడా. మా వీధిలో చాలామంది కాచి తాగితే సరిపోతుందనుకుంటున్నారు.

వేరుశనగ చేను (కళ్యాణదుర్గం వైపు)

అమ్మను ఇప్పుడే అడిగి చూశాను. రూపాయి బిళ్ల తీసింది, చేతులు తల వెనక పెట్టింది. మెడ మాత్రం కుడివైపు సరిగా తిరగడం లేదు. సత్యసాయి ట్యాంకు నీళ్లు రెండు రోజులకోసారి వస్తాయి, ఇక నుంచి వంటకు కూడా అవే పట్టి పెడతాం. ఈ వారం ముంజేతి ఎక్స్‌రే తీయించి రిపోర్టులో ఏం రాశారో ఇక్కడ పెడతాను. గోడకు ఆనుకుని కాలెత్తడం కూడా చేయించాను, పదోసారికి ‘ఇదేం పని, కలుపు తీయడమే నయం’ అంది.

కడప ఫిజియో

పది చేసిందంటే బాగానే ఉంది అక్కా. రేపు రెస్టు, ఎల్లుండి మళ్లీ.